పద్దు

పప్పు తక్కువ నానబెట్టు మావుసీ,
రుబ్బే మనిషి పది రోజులు ఉండడు
అని చెప్పి మరీ వెళ్లాడు టుకునా.
అమ్మకి అలవాటు పోలేదు.
శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే
రెండు పడులు బేసిన్‌లో పోసింది.

మా మెస్సుకి కబురు తెచ్చింది టీవీ కాదు,
పాల బూత్ షణ్ముగం.
"ఉంగ హిందీ పయ్యన్ ఎంద వండి?"
హిందీ కాదయ్యా, ఒడియా అని
నాలుగేళ్లుగా దిద్దుతూ వచ్చిన నాన్న
ఆ రాత్రి దిద్దలేదు.

నాన్న ముప్పై ఒక్క ఏళ్లు
పెరంబూరులో రైలు పెట్టెలు అతికాడు.
టీవీకి జానెడు దూరంలో నిలబడి
బోర్లాపడ్డ పెట్టె మీద నంబరు చదవబోతాడు.
సరిగ్గా ఆ అంకెల మీదుగానే
మృతుల సంఖ్య పరిగెడుతోంది.
కళ్లజోడు తుడుచుకుంటాడు, మళ్లీ చూస్తాడు.
చాలాసేపటికి ఒక్క మాటన్నాడు, ఎవరితోనూ కాదు:
"అతుకు విడలేదు."

దేశం యావత్తూ దిగ్భ్రాంతి, అని వార్తలు.
దిగ్భ్రాంతి అంటే ఏమిట్రా, అంది అమ్మ.
దిక్కు తెలియకపోవడం, అన్నాను.
మనకి తెలుసు కదా దిక్కు.
ఉత్తరం.
వెళ్లు.

అదొక బడి.
నల్లబల్ల మీద ఇంకా ఎవరిదో ఎక్కాల లెక్క, సగం.
బెంచీలన్నీ బయట పడేసి
నేల మీద వరసలుగా పడుకోబెట్టారు.
నా దగ్గరున్న ఫోటోలో టుకునా
అట్లకాడ ఎత్తి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు,
ఆ క్షణాన తుమ్ము వచ్చింది.
ఆ ఫోటోనే అందరికీ చూపించాను.

నూట పద్నాలుగు దగ్గర
వాళ్లమ్మ నాకంటే ముందే కూర్చుని ఉంది.
ముఖం ముఖంలా లేదు.
చెయ్యి మాత్రం చెయ్యిలాగే ఉంది.
ఎడమ మణికట్టు మీద
చింతగింజంత కాలిన మచ్చ.
ఆమె దాన్ని వేలితో రుద్ది చూసింది, పోలేదు.
తల అడ్డంగా ఊపింది.
నా కొడుక్కి మచ్చ లేదు.
కొడుకుని చూసి రెండేళ్లయిన ఆమెకి
ఎట్లా చెప్పను,
అది మా దోసె పెనం పెట్టిన మచ్చ అని,
మొన్న ఉగాది ముందు పెట్టిందని,
అమ్మ తేనె రాసిందని,
వాడు నవ్వి, పొయ్యికి నేనంటే ప్రేమ మావుసీ అన్నాడని?
నాకు ఆమె భాష రాదు.
తల నిలువుగా ఊపాను.

అంతే.
నేను ఊపిన ఊపుకి
ఆమెకి కొడుకు పోయాడు.

సామాన్ల గుట్టలో ప్రెషర్ కుక్కరు దొరికింది,
అయనావరంలో బేరమాడి కొన్నాడు, అయిదు లీటర్లది.
మూత లేదు.
ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని
ఇంటిదాకా వ్యాన్‌లో కూర్చుంది.

తిరిగొచ్చేసరికి
బేసిన్ కడిగేసి బోర్లించి ఉంది.
పులిసి, పొంగి, నేల మీదికి దిగిన పప్పుని
నాన్న ఒక్కడే ఎత్తిపోశాడట.
ఇప్పుడు నడక పేరు చెప్పి
పొద్దున్నే స్టేషనుకి పోతాడు.
ఆగిన బండి పెట్టెల అతుకుల మీద
బొటనవేలు రాస్తాడు,
పోలీసు అదిలించేదాకా.

నెలాఖరున లెక్కలు చూస్తుంటే
నోటుబుక్కులో నా చేతిరాతే ఎదురైంది.
పేపరు బిల్లు కింద, గ్యాసు కి పైన:

టుకునా - దారి ఖర్చులకి - పదిహేను వందలు - రావాలి.

కొట్టేయనా అమ్మా, అన్నాను.
చదువు రాని అమ్మ
చివరి మాట మీద వేలు పెట్టి
ఇదేమిటి అని అడిగింది.
చదివాను.
ఉండనీ, అంది.