కొసరు ఊరు

పోర్ట్‌లాండ్ నుంచి మినియాపొలిస్‌కి నాలుగువందల పది డాలర్లు.
అదే విమానం, అదే సీటు,
మినియాపొలిస్‌లో దిగి ఇంకోటెక్కి బిస్మార్క్ దాకా పోతానంటే
రెండువందల ముప్ఫై.
అసలు కన్నా
కొసరు కలిపిన అసలు చవక.
ఈ లెక్క ఏ బళ్ళో చెబుతారో నాకు తెలీదు.
సైకిళ్ళు బాగుచేసుకునేవాణ్ణి.
చైను తెగితే అతకడమే వచ్చు,
మధ్యలో తెంపుకుని దిగిపోవడం ఈమధ్యే నేర్చుకున్నాను.

నా కూతురు టామ్సిన్ మినియాపొలిస్‌లో, వాళ్ళమ్మ దగ్గర.
రెండు నెలలకోసారి నాకు రెండున్నర రోజులు.
కోర్టు కాగితంలో రోజులు రాశారు గాని
దారి ఖర్చు రాయలేదు.

మొదటిసారి తెలివితక్కువగా
రానూపోనూ కలిపి ఒకే టికెట్టు కొన్నాను.
ఒక్క మెట్టు ఎగ్గొడితే
తక్కిన మెట్లన్నీ వాటంతటవే మాయమవుతాయని
ఆదివారం సాయంత్రం కౌంటర్ దగ్గర తెలిసింది.
"మీరు బిస్మార్క్ వెళ్ళనేలేదు గదండీ,
అక్కణ్ణుంచి ఎలా తిరిగొస్తారు?"
ఆ అమ్మాయి వెటకారమేం చెయ్యలేదు, నిజంగానే అడిగింది.
జవాబుకి ఆరువందలు కట్టాను.

అప్పట్నుంచీ పోవడానికొక టికెట్టు, రావడానికొకటి.
పెట్టె మాత్రం ఇవ్వను.
పెట్టెకి అబద్ధం చేతకాదు,
మెడలో ఏ ఊరి చీటీ కడితే ఆ ఊరికే పోతుంది.
వీపుసంచిలో రెండు చొక్కాలు, టూత్‌బ్రష్,
పిల్లకి ఒక సైకిల్ గంట. ప్రతిసారీ గంటే.

బయటికి నడుస్తుంటే వెనకనుంచి పిలుస్తారు:
ఆరిన్ కెస్లర్, బిస్మార్క్ ప్రయాణికులు ఆరిన్ కెస్లర్,
ఇదే ఆఖరి పిలుపు.
కాపురం చేసినన్నాళ్ళూ నన్నెవరూ అంత ఇదిగా పిలవలేదు.
మొదట్లో తల దించుకుని గబగబా పోయేవాణ్ణి.
పోనుపోను, నిజం చెప్పొద్దూ,
మూడో పిలుపు వినపడేదాకా
చెప్పుల షాపు ముందు నిలబడ్డం అలవాటైంది.

వాడని చీటీలన్నీ టామ్సిన్ బిస్కెట్ల డబ్బాలో దాచింది. పదకొండు.
"ఆ ఊళ్ళో ఏముంటుంది నాన్నా?"
ఏరు దాటకముందే బోడి మల్లన్నని చేసేశాను,
ఆ ఊరి గురించి నాకేం తెలుసు?
నోటికొచ్చింది చెప్పాను.
అక్కడ గుర్రాలు టోపీలు పెట్టుకుంటాయి.
గడ్డకట్టిన నది మీద తపాలా బండి నడుస్తుంది.
రొట్టెల దుకాణంలో చిల్లర బదులు ఈల వేస్తారు.

ఈ ఫిబ్రవరిలో మినియాపొలిస్ మంచులో మూతపడింది.
"కంగారు పడకండి, డెన్వర్ మీదుగా పంపిస్తాం" అన్నారు,
"మీరు చేరాల్సింది బిస్మార్కే గదా."
గదా అంటే ఏమంటాను?
పదకొండుసార్లు నేను మాట తప్పిన కాగితం
పన్నెండోసారి
తన మాట నిలబెట్టుకుంది.

రాత్రి పదిన్నరకి దిగాను.
ఫోన్ చేశాను. ఇంకా పడుకోలేదు.
"ఎక్కడున్నావ్?"
"చీటీలో రాసిన ఊళ్ళో."
అవతల చప్పుడు లేదు.
ఏడుస్తుందనుకున్నాను.
"గుర్రాలున్నాయా?" అంది.

అద్దంలోంచి చూశాను.
పసుపు దీపాలు, మోకాటి లోతు మంచు, నిలబెట్టిన కార్లు.
టోపీ చెవుల దాకా లాక్కుని ఒక పెద్దాయన
తన కారద్దం మీది మంచు గీకుతున్నాడు.
అయిపోయింది. ఎక్కి పోతాడనుకున్నాను.
పక్కన ఇంకో కారుంది, ఎవరిదో, లోపల ఎవరూ లేరు.
దాని అద్దం గీకడం మొదలుపెట్టాడు.

"నాన్నా, ఏముంది అక్కడ?"
"ఉండు," అన్నాను,
"ఈసారి చూసి చెబుతాను."