నాలుగో షెడ్డు

అల్ ఖర్జ్‌లో నాలుగో షెడ్డు.
బయట నలభై ఏడు డిగ్రీలు.
లోపల తడి పేడ్ల చల్లగాలి,
మాకు కాదు, కోళ్లకు.

ఈసారి మందు సంచులు రాలేదు.
సూడాన్ డాక్టర్ ఇద్రీస్ కొత్త సంచి విప్పి
గుప్పెడు నా ముక్కు కింద పెట్టాడు.
వాము.
వెనకాలే వెల్లుల్లి, పసుపు,
ఇంకా వెనక, నాలుక మీద పడకముందే
చేదెక్కే నేలవేము.
పేర్లున్నాయి నా దగ్గర, అరబ్బీ లేదు.
కడుపు పట్టుకుని మూలిగి, ఆనక నవ్వి చూపించాను.
ఆయన రిజిస్టర్లో ఏదో రాసుకున్నాడు.

టన్నుకు రెండు కిలోలు.
పారతో తిరగేస్తుంటే
షెడ్డంతా బాలింత గది వాసన.
తుమ్ముతూ అడిగాడు గంగరాజం:
"ఇక్కడెవరు నీళ్లాడారురా?"
పద్దెనిమిది వేల పిల్లలు,
తల్లి రెక్క ఎరగనివి,
ఒక్కసారే మేత మీద పడ్డాయి.

పన్నెండో రోజుకు రెట్ట గట్టిపడింది.
ఇరవయ్యో రోజు, చచ్చినవాటిని ఏరే బకెట్టు
సగమే నిండింది.
ముప్పై అయిదో రోజు లారీ.
కోడికి రెండు కిలోల మీద అరవై గ్రాములు!
ముదీర్ కాంటాను ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

అందరూ వెళ్లాక
ఆ కాంటా మీద నేనెక్కాను.
వచ్చిననాటికన్నా ఆరు కిలోలు తక్కువ.
సంచి అడుగు దులిపి
చిటికెడు పొడి నోట్లో వేసుకున్నాను.
ముందు చేదు. చాలాసేపు చేదే.
వాము ఎప్పుడో తర్వాత వచ్చింది.

షెడ్డు కడగాలి.
పైపు తిప్పితే
కాలవ నిండా పసుపు నీళ్లు.