లీటరుకు ఎన్ని గ్రాములు

సంగం దగ్గర పెన్నా నీళ్లను
సీసాల్లో పట్టే ఉద్యోగం నాది.
ఇరవై ఆరేళ్లు పట్టాను.
పడవ మీంచి తాడు వదిలితే
సీసా బుడబుడమని గుక్కలు మింగి
బరువెక్కి పైకొచ్చేది.

తెచ్చి బల్ల మీద పెట్టి, కదపకుండా చూడాలి.
ముందు ఇసుక దిగుతుంది,
టీ తాగి వచ్చేలోపే.
భోజనాల వేళకి ఒండ్రు.
బంకమన్ను మాత్రం రాత్రంతా నీళ్లను పట్టుకు వేలాడుతుంది,
దిగాల్సిన స్టేజీ దాటినా
కండక్టరు కంటపడకుండా కూర్చున్న కుర్రాడిలాగా.
బరువున్నది ముందు దిగుద్ది.
ఏటి చదువంతా అంతే.
మిగతాది నేను రిజిస్టరులో రాసుకున్నది.

పెంచలయ్య, మా పడవ మనిషి,
వరద రంగు చూసి ఊరు చెప్పేవాడు.
"ఎర్రగుండాదా, చెయ్యేటి వాన.
నల్లగుండాదా, కుందేరు.
ఏదీ కాకుండా తేటగా వచ్చిందంటే
సోమశిల గేట్లెత్తారబ్బయ్యా,
జాగ్రత్త, ఆకలి మీదుండాది."

నీళ్లకు ఆకలేందని నవ్వాను, ఉద్యోగంలో కొత్త.
మోసుకొచ్చిందంతా డ్యాము అడుగున దించేసి
ఖాళీ గంపతో బయల్దేరిన ఏరు
దోవలో దొరికిందల్లా ఎత్తుకుంటుందని
జొన్నవాడకు ఎగువన, వంపులో తెలిసింది.

అక్కడ వెంగమ్మకు ఎకరా ముప్పాతిక.
మొలగొలుకులు నాటి పదకొండు రోజులు.
కోతకింకా నాలుగు నెలలుంది.
ఏరు అన్నాళ్లు ఆగలేదు.
ఆ రాత్రే కోసుకుంది.

చప్పుడు కూడా లేదట.
కింద కింద తినుకుంటూ వచ్చి
పైన పచ్చగా అట్టాగే ఉంచి
తెల్లారగట్ల ఒక్కసారి, దబ్బున.
మోటారు షెడ్డు రేకు ఒకటి
గిరగిరా తిరుగుతా నెల్లూరు వైపు పోయింది.
సర్వేయరు వచ్చి గొలుసు పరిచే చోటు లేక
గట్టున నిలబడే రాసుకున్నాడు.
పట్టా ఉంది. సర్వే నెంబరుంది.
నెంబరులో నీళ్లున్నాయి.

మూడేళ్లకు, అవతలి ఒడ్డున, దిగువన,
వంపు లోపలి వైపు ఒక మేట లేచింది.
అక్కడ నీరు నిదానిస్తుంది.
నిదానించిన చోట చేతుల పట్టు వదులవుతుంది.
ముందు ఇసుక, ఇసుక మీద అరచెయ్యి మందం ఒండ్రు,
దాని మీద తుంగ, తుంగలో ఎవరివో గేదెలు.

వెంగమ్మ మా పడవెక్కి వచ్చింది.
చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది.
నాలిక్కి రాసుకుంది.
"మాదే," అంది.
"నీదొక్కటే కాదు వదినా,
కడపోళ్లది ఉంది, అనంతపురపోళ్లదీ ఉంది" అన్నాను,
లెక్క తెలిసినవాణ్ణి గదా.
"ఉండనీ. వాళ్లనీ రమ్మను" అంటూ
కొంగులోంచి దోసగింజలు తీసింది.

ఇక్కడ కూడా దిగనిది ఇంకా పోతుంది.
నెల్లూరు వంతెనల కింద నుంచి
ఊటుకూరు దాకా.
అక్కడ సముద్రం భుజం అడ్డం పెడుతుంది.
ఇది ముందుకు పోలేదు, అది వెనక్కి నెట్టలేదు,
మధ్యలో మొగకు అడ్డంగా ఇసుక కట్ట.
ఏటా దాన్ని పారలతో తవ్వుకుని
పట్టపోళ్లు బోట్లు దాటిస్తారు.
పామంజి గోవిందు చెమట తుడుచుకుంటా నన్ను చూసి
"మీ పొలాలన్నీ మా దోవకడ్డం స్వామీ" అన్నాడు.
కోపంగా కాదు. కాస్త కోపంగానే.

ఆఖరి రోజు ఆఖరి సీసా.
వెంగమ్మ ఆఫీసు గుమ్మంలో చతికిలబడింది, దోసకాయలతో.
వడగట్టి, ఆరబెట్టి, తూచాను.
లీటరుకు ఒకటీ పాయింటు ఏడు గ్రాములు.
"అందులో నాదెంత?"

ఇరవై ఆరేళ్ల రిజిస్టర్లలో
ఆ గడి ఎక్కడా గీయలేదు.
వడకట్టిన కాగితాన్నే కిళ్లీ పొట్లంలా మడిచి ఇచ్చాను.
కొంగున ముడేసుకుని పోయింది.

సాయంత్రం పడవలోంచి చూశాను.
మేట మీద వంగి, ముడి విప్పి,
దోసపాదు మొదట్లో కాగితం దులుపుతా ఉంది,
రెండు సార్లు, మూల మడతలు కూడా విప్పి.

ఆ తేదీకి ఎదురుగా
నేనేమీ రాయలేదు.