పొట్టు సంచి

కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీ వెనకాల
దాలమ్మ నాకు పొట్టు ఎత్తి ఇచ్చింది,
పప్పు మీది ఎర్రటి పొర, ఊదితే లేచిపోయేది.
"పొయ్యిలో ఏసుకునీదే గదా, నీకేటి పనే పిల్లా?"

ఎచ్చెర్ల దాకా బస్సులో ఒళ్లో పెట్టుకొచ్చాను.
నూరి, నీళ్లు పోసి, స్టీలు పాత్రలో బిగించి
రెండు వందల డిగ్రీల్లో ఒక రాత్రంతా.
పొద్దున మూత తీస్తే
నిన్నటి టీ డికాషను రంగు, మాడు వాసన.
వడగట్టి, గదిలో లైటార్పి,
అతినీలలోహిత దీపం కింద పెట్టాను.
గాజుగొట్టంలో నీలం!
మా బారువ సముద్రం కూడా దాచుకుని ఇవ్వని నీలం.

దాలమ్మ వేళ్లు మీరు చూడలేదు.
జీడి సొన గీతలన్నీ తినేసింది.
రేషన్ డిపోలో మిషను మూడుసార్లు వేలడుగుతుంది,
మూడుసార్లూ నువ్వెవరంటుంది.
"ఎవుర్నని సెప్పుకోను, నెలనెలా?"

ఆదివారం ఆమెను ల్యాబ్‌కి తీసుకెళ్లాను.
బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి
గాజు పలక మీద రాసి,
ఆ నీలం నీళ్లు ఒక్క చుక్క.
మైక్రోస్కోపులో కణం పక్కన కణం,
తుపాను వెలిసిన పదోనాడు
వీధి వీధికీ కరెంటొచ్చినట్టు.
ఊపిరి తగిలి అద్దం మసకేసింది.
కొంగుతో తుడవబోతే ఆపాను.
మళ్లీ వంగింది.
"ఇది నానేనా?"
నువ్వే. నువ్వెత్తిన పొట్టే, నీ బుగ్గే.

చాలాసేపు లేవలేదు.
లేచాక, చెప్పులు వెతుక్కుంటూ అంది:
"నా సంచీ ఇచ్చీ మరి.
రేపు డిపో తీత్తారు."