లాకులు

గ్రోనింగెన్‌లో రాత్రి రెండున్నర.
యెల్త్యే హూకెమా స్లైడు మీద నూనెచుక్క వేసి
మైక్రోస్కోపు మీదికి వంగింది.
అద్దం కింద ఆరేళ్ల పిల్లవాడి మూలుగ.
సీసా మీద పేరు లేదు, అంకె మాత్రమే.
వాడు పై అంతస్తులోనే ఉన్నాడనీ
డైనోసార్ల మేజోళ్లు విప్పనివ్వడనీ
నర్సు చెప్పకుండా ఉంటే బాగుండేది.

యెల్త్యే తండ్రి వీబ్రెన్ కాలవ లాకుల కాపలాదారు.
ముప్ఫైయొక్క ఏళ్లు తలుపులు ఎత్తాడు, దించాడు.
ఏ పడవ వచ్చిందో, ఏం మోసుకొచ్చిందో
నీలం గళ్ల పుస్తకంలో రాసుకున్నాడు:
బంగాళాదుంపలు, ఇసుక, ఒకసారి పియానో.
"తలుపుకేం తెలుసు నాన్నా?"
"ఊరు రేపు ఏం వండుకుంటుందో
ముందు దానికే తెలుస్తుంది."

కణం నడుమ కేంద్రకానికీ తలుపులున్నాయి,
వేలల్లో. ఒక్కోటీ ఎనిమిది రేకుల గుండ్రం,
మధ్యలో చిక్కుదారాల తెర.
చీటీ ఉన్నదాన్ని రానిస్తాయి, లేనిదాన్ని ఆపుతాయి.
అంతే అనుకున్నారు చాలాకాలం.
అంతే కాదట.
కొన్ని తలుపుచెక్కలు గుమ్మం వదిలి లోపలికి నడుస్తాయి,
మడతల్లో ఉన్న జన్యువుల పక్కన కూర్చుని
ఈ పేజీ చదువు, ఆ పేజీ మూసెయ్ అంటాయి.
కణం ఎర్రదవాలా, తెల్లదవాలా,
ఎప్పుడు చాలించుకోవాలి,
ఆ గుసగుసలో కొంత ఉంది.

ఎర్ర చుక్క. ఆకుపచ్చ చుక్క.
అంటిపెట్టుకుని ఉండాల్సినవి
ఎడంగా, మాటల్లేని ఇద్దరిలా.
మామూలు పరీక్షకి చిక్కని తెగుడు ఇది.
పదకొండో క్రోమోజోములో విరిగిన తలుపుచెక్క
అయిదోదానిలోని పరాయి ముక్కతో అతుక్కుంది.

మేమైతే కంచే చేను మేసిందంటాం.
ఇది అదీ కాదు.
కంచెలో ఒక కర్ర విరిగి చేలో పడి
వేరు తొడిగి
తానే పైరుననుకుంటోంది.
ఎదగొద్దు, ఎదగొద్దని కణాలకి చెబుతోంది.
అవి వింటున్నాయి.
ఏమీ కాకుండానే రెండవుతున్నాయి, నాలుగవుతున్నాయి,
ఎదగాల్సిన పిల్లవాడి ఎముకల్లో
ఎదగనివే నిండిపోతున్నాయి.

ఇన్నూరు లెక్కపెట్టింది.
నూట డెబ్బైమూడు.
మళ్లీ లెక్కపెట్టింది. నూట డెబ్బైమూడు.

ఫారంలో అంకె వేసి
పక్కనే టైమూ, గాలి ఏ వైపు నుంచో కూడా రాసేసింది,
నాన్న రాసినట్టు.
రాసి, గాలిని కొట్టేసింది.

బయట నడవాలో లిఫ్టు తలుపులు తెరుచుకుని
ఎవరూ దిగక
కాసేపు అలాగే ఉండి
మూసుకున్నాయి.