ముందు ఎడమ మూల

పొద్దున్నే తలుపు తీస్తే
బండి మోకాలి మీద ఉంది,
గిట్ట కుళ్ళిన గొర్రె మేతకు వంగినట్టు
ముందు ఎడమ కాలు మడిచి.

రాత్రి తిన్నగానే నిలబెట్టాను.
నాలుగు చక్రాల మీద నాలుగు గాలి తిత్తులు,
తలో మూలా మోస్తామని ఒప్పుకున్నవే.
తెల్లారేసరికి ఒకటి మాట తప్పింది.

తాళం తిప్పితే బానెట్ కింద కంప్రెసర్
చిల్లుకుండకు నీళ్లు మోసే కోడలిలా
ఆగకుండా రొప్పుతోంది.
రేపు అది చచ్చిపోతే
పాపం కుండది, పేరు దానిది.

గెథిన్ వచ్చాడు, లోయలో మెకానిక్.
టైరును బూటుతో తన్ని, వానను తిట్టి,
"ఇరవై ఏడేళ్ల బండి, నెస్టా.
ఈ గాలి గొడవంతా పీకేసి
ఇనుప స్ప్రింగులు వేసేద్దాం. ఇనుము కారదు" అన్నాడు.
కారదు, నిజమే.
కిందికి దిగమంటే దిగనూ దిగదు.
ఆ మాట అతనికి చెప్పలేదు.
టీ ఇచ్చి పంపేశాను.

ఇక బకెట్లో గిన్నెల సబ్బు,
గొర్రెలకు రంగు గుర్తులేసే పాత బ్రష్షు.
బండిని పూర్తి ఎత్తుకు లేపి
ఛాసీ కింద ఇనుప స్టాండ్లు, వాటి పక్కన ఓక్ దుంగలు.
గాలిలో దీపమే నిలవదంటారు,
గాలి మీద నిలబడ్డ రెండు టన్నుల కింద
తల పెడతానా?

తిత్తి మడతపడే చోట సన్నని పగుళ్లు,
చలికాలపు నా మడమల్లా.
నురగ రాశాను.
ఒక బుడగ పుట్టింది,
పెరిగింది, చినుకు తగిలి పేలింది,
మళ్ళీ అక్కడే పుట్టింది.
దొరికావే దొంగా, అన్నాను.

కొత్త తిత్తి పోస్టులో నాలుగు రోజులకొచ్చింది.
ఒక గొర్రె ఈనాక, ఇంకో గొర్రెకు నొప్పులొచ్చే లోపు
బిగించాను. గొట్టం చివర
వంకర లేకుండా కోసి
టిక్కుమనే దాకా నొక్కాను.
గర్వంగా నిద్రపోయాను.

పొద్దున మళ్ళీ మోకాలి మీదే.

ఆ రోజు గురించి చెప్పను.
స్పానర్ ఎటు విసిరానో కూడా చూడలేదు.

మూడో రాత్రి వాన ఆగింది.
మా కొండ మీద వాన ఆగితే
కొత్తగా చెవులు మొలిచినట్టుంటుంది.
టార్చి ఆర్పేసి బానెట్ లోపలికి తల వంచాను.
వాల్వులుండే నల్లటి డబ్బాలోంచి
స్స్స్ అని,
పక్కగదిలో ఎవరో చాడీ చెబుతున్నట్టు.

వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి విప్పాను.
లోపల రబ్బరు ఉంగరాలు,
పెసరగింజకు తొడిగేటంత చిన్నవి.
ఇన్నేళ్లూ ఒకే ఒత్తిడికి ఒదిగి ఒదిగి
ఒకవైపు పలకబారి
గుండ్రంగా ఉండటం మరిచిపోయాయి.
పిన్నీసుతో ఒక్కోటీ లాగి
కొత్తవాటికి గ్రీజు రాసి కూర్చోబెట్టాను.
అంతా బిగించాక లెక్క చూస్తే
బల్ల మీద ఒకటి మిగిలింది.
మళ్ళీ విప్పాను.

ఇవాళ బండి నిలబడే ఉంది,
అద్దాల మీద మంచు పట్టి.
నాలుగు మూలలూ టేపుతో కొలిచాను.
నమ్మకం లేక ఇంకోసారి కొలిచాను.

ఇంజిన్ పెట్టి
కిందికి చూపే బాణం గుర్తు నొక్కాను.
బండి ఒక నిట్టూర్పు విడిచి
ముందు వెనక్కి, తర్వాత ముందుకు
బరువుగా, తెలిసి తెలిసి, వంగింది.

మోట్ వచ్చింది.
పద్నాలుగేళ్ల కుక్క. తుంటి పట్టేసి దూకలేదు,
ఎత్తుకోబోతే పరువు పోయినట్టు పళ్ళు చూపిస్తుంది.
గడప దాటినంత తేలిగ్గా లోపలికి ఎక్కి
కిటికీ వైపు తిరిగి కూర్చుంది,
ఇన్నాళ్లు ఎందుకు పట్టిందన్నట్టు.

పైకి చూపే బాణం నొక్కాను.
కంప్రెసర్ కాసేపు మోగి, తనంతట తానే ఆగింది.
ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నాం ఇద్దరం.

గెథిన్‌కు ఇంకా చెప్పలేదు.
స్పానర్ ఇంకా దొరకలేదు.