తెగిన కొస

ఇరవై ఆరేళ్లుగా బ్ర్నోలో
కారు నేర్పుతున్నాను.
ట్రాము పట్టాలు ఎక్కడ వంపు తిరుగుతాయో
కళ్లు మూసుకుని చెప్పగలను.
ఎవరొచ్చినా నా మొదటి పాఠం ఒక్కటే:
సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోకూడదు.
ఆగిందా,
వెనక హారన్ల గోల, పక్కన నా నిట్టూర్పు,
స్టీరింగు మీద చెమట పట్టిన వేళ్లు.
ఆ మాట చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది.

ఇప్పుడు బడికి కొత్త కారొచ్చింది.
ఎర్రదీపం దగ్గర గేరు న్యూట్రల్‌కి తెచ్చి
క్లచ్ మీంచి కాలు తీస్తే చాలు,
తనంతట తానే ఊపిరి బిగబట్టేస్తుంది.
తప్పు కాదట. పొదుపట.
నిన్నటిదాకా నేను తిట్టిన పనినే
ఇది గొప్పగా చేసి చూపిస్తుంది,
పచ్చటి గుర్తొకటి వెలిగించి మరీ.

మొదట్లో రోజూ పొద్దున్నే
ఆ మీట నొక్కి దాన్ని మాన్పించేవాణ్ణి.
అక్షరం చుట్టూ చుట్టుకున్న బాణం బొమ్మ.
బండి ఆపి మళ్లీ తాళం తిప్పితే
కథ మళ్లీ మొదటికే.
మొండిఘటం. నాకంటే.

మెకానిక్ హినెక్ అంటాడు:
"మిగిలిన పెట్రోలు సీసాలో పోసి దాచుకో,
బ్యాటరీ మార్చే రోజున లెక్కలు చూద్దాం."
ఆ మాటలో నిజమెంతో చిరాకెంతో
నేను తూచలేదు.

అక్టోబరులో ఒతీలియే వచ్చింది.
అరవై రెండేళ్లు. పొట్టి మనిషి,
తన దిండు తనే తెచ్చుకుంది.
ఈ వయసులో ఎందుకని నేను అడగలేదు.
"చెల్లెలికి డయాలసిస్," అంది బెల్టు పెట్టుకుంటూ,
"వారానికి మూడుసార్లు. రెండు బస్సులు మారాలి."

త్సెయిల్ వీధిలో మొదటి ఎర్రదీపం.
ఇంజను ఆగింది.
ఆమె చేయి గేరు వదిలి
చటుక్కున గాలిలోకి లేచింది.
బొటనవేలూ చూపుడువేలూ దగ్గర చేసి
దేన్నో వెతికింది.
అక్కడేముంది,
అద్దం మీద వాన తప్ప.

"ఉన్ని మిల్లులో ఒక్కదానికి ఆరు మరమగ్గాలు,"
అంది, చేయి దించకుండానే.
"ఆ రొదలో పెదాల కదలిక చూసే తిట్టుకునేవాళ్లం.
చప్పుడు ఆగిందంటే పోగు తెగినట్టే.
పరుగెత్తాలి, కొస పట్టాలి, ముడెయ్యాలి.
ఆగినంత సేపూ జీతంలో కోత."

ఆ మిల్లు మూతబడి ముప్పై ఏళ్లు.
చేతికి ఇంకా కబురు అందలేదు.

దీపం పచ్చబడింది.
క్లచ్ నొక్కమన్నాను. నొక్కింది, ఇంజను లేచింది.
తొందరలో కాలు తీసేసింది.
ఈసారి నిజంగానే చచ్చింది,
పాత పద్ధతిలో, ఓ కుదుపు కుదిపి.
వెనక ట్రాము గంట కొట్టింది.
నా ఇరవై ఆరేళ్ల వాక్యం
నాలుక చివరికొచ్చి నిలబడింది.

అంతలో ఆమె బెదిరిపోయి మళ్లీ క్లచ్ తొక్కింది.
తాళం తిప్పలేదు. ఎవరూ అడగలేదు.
బండి గొంతు సవరించుకుంది,
తను ఆపుకున్నదానికీ
ఆమె ఆపేసినదానికీ
తేడా తెలియనట్టు.

వాక్యం మింగేశాను.
మింగడం కష్టమే అయింది.

ఆ తర్వాత ప్రతి ఎర్రదీపం దగ్గరా
ఆమె ఓ ముక్క చెప్పేది.
పచ్చబడగానే సగంలో ఆపేసి
ముందు దీపం దగ్గర
సరిగ్గా ఆ మాట కొస పట్టుకునేది.
మీట సంగతి నేను మర్చిపోయాను.

జనవరిలో ఓ ఉదయం, మైనస్ తొమ్మిది.
అంత చలిలో ఇది ఆగదు.
త్సెయిల్ దీపం కింద
కారంతా వణుకుతూ ఇంజను తిరుగుతూనే ఉంది.
ఒతీలియే కాసేపు ఎదురుచూసింది,
చెవి ఒగ్గి.
తర్వాత చేతితొడుగు తీసి
డాష్‌బోర్డు మీద మెల్లగా తట్టింది:
"ఏమే, ఇవాళ ఓవర్‌టైమా?"